హైదరాబాద్‌లో 5,000 మందితో అంతర్జాతీయ సదస్సు: పర్యావరణ భారం తగ్గించాలంటే టెండర్లలో ఏం రాయాలి?

మూసీతీరం
మాదాపూర్ వైపు కన్వెన్షన్ సెంటర్‌లో నవంబరులో నాలుగు రోజుల శాస్త్ర సదస్సు. 5,000 మంది వస్తారు, సగం మంది విదేశాల నుంచే. 2012 అక్టోబరులో జీవవైవిధ్య సదస్సు, కాప్ 11, జరిగిన ఊరు కాబట్టి ఏర్పాట్లు దానికి తగ్గట్టు ఉండాలని కమిటీ పట్టుదల. టెండర్లు ఇంకా పిలవలేదు. ఒప్పందాల్లోకి ఏమేం ఎక్కాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కార్బన్‌పద్దు
ముందు విమానాల సంగతి తేల్చుకోండి. 2021లో గ్లాస్గోలో జరిగిన వాతావరణ సదస్సు, కాప్ 26కు వేసిన ముందస్తు అంచనా కార్బన్ డయాక్సైడ్ లెక్కన 1,02,500 టన్నులు. అందులో దాదాపు 60 శాతం అంతర్జాతీయ విమానాలదే. మీరు కొత్తగా కట్టేవి ఏమీ లేవు కాబట్టి మీ దగ్గర ఆ వాటా ఇంకా పెరుగుతుంది.

లండన్ నుంచి హైదరాబాద్‌కు రానూపోనూ సుమారు 15,500 కిలోమీటర్లు. ఎకానమీలో ఒక్కరికి ఒకటింబావు నుంచి రెండుంబావు టన్నుల దాకా లెక్క తేలుతుంది. ఇంత తేడా ఎందుకంటే, ఎత్తులో విమానం వదిలే ఆవిరి చారల వల్ల పెరిగే వేడిని కొన్ని పద్ధతులు కలుపుతాయి, కొన్ని కలపవు. ఏ పద్ధతి వాడారో నివేదికలో తప్పకుండా రాయండి. అది రాయకపోతే ముందటి సదస్సుతో పోల్చిన అంకెలకు అర్థం ఉండదు. బిజినెస్ క్లాస్ సీటు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి దాని భారం దాదాపు మూడు రెట్లు. వక్తల టికెట్లు కొనేది మీరే కదా, ఆహ్వానపత్రంలోనే ఎకానమీ అని స్పష్టం చేయండి.

ఆన్‌లైన్‌లో చేరేవాళ్లకు గడియారమే అసలు అడ్డంకి. మన మధ్యాహ్నం 2.30 నుంచి 6.30 మధ్య ముఖ్య ప్రసంగాలు పెడితే లండన్‌లో ఉదయం 9 నుంచి ఒంటిగంట, టోక్యోలో సాయంత్రం 6 నుంచి 10. అమెరికా వాళ్లకు అది తెల్లవారుజాము. వాళ్ల కోసం మన ఉదయం 7.30కు ఒక సెషన్ పెట్టండి, న్యూయార్క్‌లో రాత్రి 9 అవుతుంది.

పెద్దవంట
భోజనాల ఒప్పందంలో ప్లేట్ల సంఖ్య రోజువారీగా ఉండాలి. ముందు రోజు సాయంత్రం దాకా దాన్ని మార్చుకునే వీలూ ఉండాలి. నాలుగు రోజులకూ కలిపి 5,000 అని ముందే ఖాయం చేస్తే ఎవరూ తగ్గించి వండరు. చివరి రోజు మధ్యాహ్నానికే సగం జనం ఎయిర్‌పోర్టు దారి పడతారు.

వంట విడతలుగా సాగాలి. ముందు 70 శాతం వండించి, మిగతాది ఉదయం బ్యాడ్జి స్కాన్లు చూసి పొయ్యి ఎక్కించండి. బిర్యానీకి దమ్ము సమయం తప్పదు కాబట్టి పెద్ద హండీలకు బదులు చిన్నవి ఎక్కువ పెట్టించండి. మూత తీయని హండీ మిగిలితే అన్నదాన సంస్థకు ఇవ్వొచ్చు. బఫే బల్ల మీదికి వచ్చి జనం గరిటె పెట్టింది మాత్రం ఇవ్వొద్దు. మిగులు ఆహారానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019 నిబంధనలు ఉన్నాయి. వేడి పదార్థం 60 డిగ్రీల పైనే ఉండాలి. తీసుకెళ్లే బండి భోజనాలు ముగిసే వేళకే గేటు దగ్గర ఉండేలా ముందే మాట్లాడుకోవాలి. రాత్రి పదింటికి ఫోన్లు మొదలుపెడితే ఆ తిండి పాడవుతుంది.

మెనూలో మటన్ తీసేస్తే భారం బాగా తగ్గుతుంది. నెమరువేసే జంతువులు వదిలే మీథేన్ దానికి కారణం. అదే లెక్క పాలకూ వర్తిస్తుంది. కిలో పనీర్‌కు ఐదారు లీటర్ల పాలు పడతాయి, కాబట్టి శాకాహారం పేరుతో మూడు పనీర్ కూరలు పెడితే వచ్చే లాభం చాలావరకు పోతుంది. గోంగూర పప్పు, గుత్తివంకాయ, ఉలవచారు, కొర్రల పులిహోర పెట్టండి, విదేశీయులకు మన రుచీ తెలుస్తుంది. జొన్నరొట్టె మాత్రం అప్పటికప్పుడు కాల్చి ఇస్తామనకండి, ఇంత మందికి వరుస కదలదు.

మూసీతీరం
@పెద్దవంట గారూ, చాలా ఉపయోగం. నీళ్ల బాటిళ్లు పూర్తిగా ఆపేయొచ్చా?

నల్లానీరు
ఆపొచ్చు, నీళ్లు పట్టుకునే చోట్లు సరిపడా ఉంటే. మనిషికి రోజుకు 2 లీటర్లంటే 10,000 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 500. అన్ని క్యాన్లు మోసి మార్చడం కష్టం. ప్రాంగణం ఆర్‌ఓ లైన్ నుంచే డిస్పెన్సర్లకు పైపు వేయించండి.

ఇబ్బంది అంతా టీ విరామంలోనే. అర లీటరు బాటిల్ నిండి మనిషి పక్కకు తప్పుకోవడానికి 20–25 సెకన్లు. అరగంటలో ఒక నల్లా దగ్గర 70, 80 మందికి మించి కాదు. 2,000 మంది ఒకేసారి వస్తే 25–30 నల్లాలు కావాలి, అవీ హాళ్ల ద్వారాలకు దగ్గరగా. ఇక నమ్మకం. కొత్త ఊరి నీళ్లు తాగడానికి ఎవరైనా భయపడతారు. ప్రతి డిస్పెన్సర్ మీద ఆ వారపు ల్యాబ్ రిపోర్టు అంటించండి. నీళ్లలో కరిగిన లవణాల కొలత, టీడీఎస్, ఒక్కటీ వేస్తే చాలదు, సూక్ష్మజీవుల పరీక్ష ఫలితమే జనం చూస్తారు. వేదిక మీద స్టీలు గ్లాసులు, జగ్గులు. ముఖ్య అతిథి ముందు ప్లాస్టిక్ బాటిల్ కనిపిస్తే హాలంతా దాన్నే గమనిస్తుంది.

ప్లాంట్‌రూమ్
ఏసీ 24 డిగ్రీలకు తగ్గనివ్వొద్దు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. కోట్లు వేసుకున్నవాళ్ల కోసమే 20కి దించుతారు, కాబట్టి ఆహ్వానంలోనే ‘కోటు అక్కర్లేదు’ అని రాయండి. స్టాళ్లు కట్టే రెండు రోజులు లోడింగ్ తలుపులు తెరిచే ఉంటాయి. అప్పుడు చల్లబరిచే యంత్రం, చిల్లర్, ఆపి, గాలి మాత్రం ఆడించమని ఒప్పందంలో ఉండాలి. హాలుకొక విడి కరెంటు మీటర్ (సబ్‌మీటర్) రీడింగ్ తీసుకోండి, లేకపోతే ప్రాంగణం మొత్తం బిల్లులో వాటా వేసి ఇస్తారు.

ఆరుబయట విందుకు అద్దె జనరేటర్ తెస్తారు. 20 కిలోవాట్ల లైట్లకు 125 కేవీఏ సెట్టు, అంటే దాదాపు 100 కిలోవాట్లది, నడిపితే డీజిల్ ఊరికే కాలుతుంది. సరిగా లోడ్ పడితే లీటరుకు 3 నుంచి 3.5 యూనిట్లు వస్తాయి, తక్కువ లోడ్‌లో అంత రావు. లీటరు డీజిల్‌కు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. వీలైతే భవనం నుంచి కేబుల్ లాగించండి.

మూసీతీరం
హోటళ్ల నుంచి ఎలక్ట్రిక్ బస్సులు పెడితే రవాణా సంగతి తీరినట్టేనా?

కార్బన్‌పద్దు
పొగ, శబ్దం తగ్గుతాయి, నగరానికి అది మంచిదే. కార్బన్ లెక్కలో లాభం చిన్నది. ఏసీ ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు సుమారు 1.2 యూనిట్లు తింటుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే కిలోమీటరుకు 0.85 కిలోల దాకా. లీటరుకు మూడు కిలోమీటర్లిచ్చే ఏసీ డీజిల్ బస్సు 0.9. సోలార్‌తో చార్జ్ చేస్తేనే అసలు తేడా. అంతకంటే మెట్రో బ్లూ లైన్ మీద ఉన్న హోటళ్లు ఖాయం చేసి, రాయదుర్గం స్టేషన్ నుంచి ప్రాంగణానికి మాత్రమే షటిల్ నడపండి. మెట్రో పాస్ బ్యాడ్జితో పాటే చేతికివ్వాలి, అక్కడికెళ్లి కొనుక్కోమంటే క్యాబ్ ఎక్కుతారు.

చెత్తబండి
లైసెన్సు లేని చోట 100 మందికి మించిన కార్యక్రమమైతే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని 2016 ఘనవ్యర్థాల నియమాల్లో ఉండేది, ఇప్పటి నియమం కనుక్కోండి. తడి, పొడి బుట్టలు ఎప్పుడూ జంటగా పెట్టండి. ఒక్కటే కనిపిస్తే అన్నీ అందులోనే పడతాయి. పక్కన మిగిలిన టీ, నీళ్లు ఒంపడానికి బకెట్ ఉండాలి. పొడి చెత్తను పాడుచేసేది ఎక్కువగా ఆ తడే. భోజనాల వేళ ప్రతి జంట దగ్గర ఒక మనిషి నిలబడాలి, బోర్డు చదివి వేసేవాళ్లు తక్కువ.

‘కంపోస్టబుల్’ కప్పులకు మోసపోవద్దు. వాటిలో వాడే మొక్కల పిండి ప్లాస్టిక్, పీఎల్‌ఏ, కుళ్లి ఎరువు కావడానికి 58 డిగ్రీల దగ్గర పారిశ్రామిక కంపోస్టింగ్ కావాలి. మామూలు ఎరువు గుంటలో అది ప్లాస్టిక్‌లాగే మిగిలిపోతుంది, ప్లాంటువాళ్లు ఏరి పారేస్తారు. కడిగి వాడే కప్పులే మేలు.

2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు, అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ చెంచాలు నిషేధం. అంతకంటే మందం ఫ్లెక్సీ చట్టప్రకారం సరే, కానీ వాడాక దాన్ని కొనే స్క్రాప్ షాపు ఉండదు. నూలుగుడ్డ మీద ప్రింట్ వేయించండి. దారి చూపే బోర్డుల మీద ఏడాది, తేదీ వేయకండి, మళ్లీ పనికొస్తాయి.

స్టాళ్లకు అద్దె అల్యూమినియం ఫ్రేములే అనుమతించండి. చెక్కపొడి, జిగురు కలిపి చేసే ఎండీఎఫ్ పలకలతో కట్టినవి చివరి రాత్రి విరగ్గొట్టి లారీకెత్తుతారు, ఆ జిగురు చెక్కను పొయ్యిలోకీ వాడకూడదు. కడతామని పట్టుబడితే డిపాజిట్ తీసుకోండి, స్టాలు స్థలం ఖాళీ అయ్యాకే వాపసు. నడవాల్లో పరిచే పల్చటి కార్పెట్ కూడా ఒక్కసారికే, అది లేకుండా కానివ్వొచ్చు.

మూసీతీరం
చివరిగా ఒకటి. వదిలిన కార్బన్‌కు సరిపడా వేరేచోట తగ్గించామని చెప్పే ‘కార్బన్ న్యూట్రల్’ అన్న మాట పెట్టుకోవచ్చా?

కార్బన్‌పద్దు
విమానాలు కలపకుండా ఆ మాట వాడకండి. రిజిస్ట్రేషన్ ఫారంలోనే బయలుదేరే ఊరు, సీటు తరగతి అడిగి ఉంచండి, తర్వాత అడిగితే జవాబులు రావు. తగ్గించగా మిగిలినదానికే కార్బన్ క్రెడిట్లు, అంటే వేరేచోట తగ్గించిన కార్బన్‌కు ఇచ్చే పత్రాలు, కొనండి. అవి ఇంకెవరూ వాడలేకుండా మీ పేరున రద్దయినట్టు (రిటైర్ అయినట్టు) సీరియల్ నంబర్లు తీసుకుని నివేదికలో అచ్చువేయండి. చెత్త బండి ప్రతి ట్రిప్పు వేబ్రిడ్జి చీటీ కూడా దాచండి, కార్యక్రమాల పర్యావరణ నిర్వహణ ప్రమాణం ఐఎస్‌ఓ 20121 ఆడిట్‌కు వెళ్తే చూపించాల్సి వస్తుంది.