అప్‌డేట్: తూకం వేస్తే ఇడ్లీ గట్టిపడటం – కారణం దొరికింది

గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ వేసినంత కాలం మెత్తగా వచ్చిన ఇడ్లీ, కిచెన్ స్కేల్ కొని 200 గ్రాముల పప్పుకి 400 గ్రాముల రవ్వ వేయగానే రాళ్లలా ఎందుకు వస్తోందని అడిగాను కదా. సమాధానం చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

"రెండింటినీ అదే గ్లాసుతో విడివిడిగా తూచి చూడండి" అన్న సలహాతోనే దారి దొరికింది. మా గ్లాసులో 250 మి.లీ. నీళ్లు పడతాయి. తలకొట్టి కొలిస్తే పప్పు 210 గ్రాములు తూగింది, రవ్వ 175 గ్రాములే. అంటే రెండు గ్లాసుల రవ్వ 350 గ్రాములు. ఆ లెక్కన 200 గ్రాముల పప్పుకి 333 గ్రాముల రవ్వ చాలు, నేను దాదాపు 70 గ్రాములు ఎక్కువ వేస్తున్నాను! గ్లాసుని గట్టుమీద రెండుసార్లు తట్టి మళ్లీ నింపితే రవ్వ 190 గ్రాములకి వెళ్లింది. అందుకే తట్టకుండా, చాకుతో పైన గీసేసి మూడుసార్లు తూచాను.

మిగతా సలహాల్లో వచ్చిన పప్పు మార్చడం, మెంతులు వేయడం, గోరువెచ్చని నీళ్లు... వీటితో సంబంధం లేదు. నిన్నటి ఇడ్లీ దూదిలా వచ్చింది. మీ గ్లాసు, మీ రవ్వ వేరు కాబట్టి నా అంకెలు కాకుండా మీవి తూచుకోండి.