పికప్ ఎడమవైపుకు ఒరుగుతోంది, ఒక పట్టీ ఎక్కువ వేస్తే సరిపోతుందా?

నూజివీడు మామిడి బండి:
అన్నలూ, నా పికప్ ఇప్పటికి 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. సీజన్‌లో నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయలు తోలతాను. నెల రోజులుగా బండి ఎడమవైపుకు ఒరిగి నిలబడుతోంది. ఖాళీగా ఉన్నా అంతే. మెకానిక్ ఎడమ కమాన్‌లో, అంటే చక్రం దగ్గర బరువు మోసే ఇనుప పట్టీల కట్టలో, ఇంకో పట్టీ వేసేద్దామంటున్నాడు. మొన్న మలుపులో క్రేట్లన్నీ ఒక పక్కకు జారాయి. అప్పటినుంచి లోడ్ ఎత్తాలంటేనే టెన్షన్. వేయించేయనా?

కమాన్ల పనివాడు:
ఆగు తమ్ముడూ. 22 ఏళ్లుగా కమాన్లే విప్పి బిగిస్తున్నాను. ఒరిగిన పక్క పట్టీ వేస్తే బండి నిటారుగా కనబడుతుంది, లోపల విరిగింది విరిగినట్టే ఉంటుంది. ముందు కొలువు. టైర్లలో గాలి కుడి ఎడమలు సమానంగా పెట్టించి, మట్టసమంగా ఉన్న గచ్చు మీద ఆపు. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పట్టు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా కలిసిపోతుంది, లెక్క తప్పుతుంది.

తర్వాత ముందు చక్రాలకు అడ్డం పెట్టి, చాసిస్ వెనక క్రాస్ మెంబర్ (అడ్డంగా ఉండే ఇనుప దూలం) సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి లేపు. వెనక కమాన్ల మీద బరువు తగ్గగానే ముందు భాగం సమానమైతే జబ్బు వెనకే ఉన్నట్టు. అప్పటికీ ఒరిగే ఉంటే ముందు భాగంలో చూడాలి. జాకీ మీద ఉండగా కిందికి మాత్రం దూరకు.

పాల వ్యాన్ డ్రైవర్:
అన్న చెప్పింది నిజం. నాకు ఇలాగే అయితే మొదట షాకబ్జార్బర్లు మార్పించాను, డబ్బులు పోయాయి గానీ వంపు పోలేదు. బరువు మోసేది కమానే, షాక్ ఊపును ఆపుతుందంతే. ఇంకోటి, నువ్వు క్రేట్లు ఏ పక్క నుంచి ఎక్కిస్తావు? మన రోడ్లు అంచుకు వాలి ఉంటాయి, మనం నడిపేది ఎడమపక్క. దానికితోడు బరువు కూడా ఎడమకే పెడితే ఆ కమాన్ ముందే అలిసిపోతుంది.

నూజివీడు మామిడి బండి:
కొలిచాను. వెనక ఎడమ 42 మిల్లీమీటర్లు తక్కువ, ముందు ఎడమ 15. జాకీతో వెనక లేపగానే ముందు తేడా 3కి వచ్చేసింది. కమాన్ విప్పించాను. రెండో పట్టీ, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్ట్ దగ్గర రెండు ముక్కలు! బోల్ట్ చుట్టూ తుప్పు పట్టి గోధుమరంగులో ఉంది, అంచున చిటికెన వేలి గోరంత మేర మాత్రం వెండిలా మెరుస్తోంది. ఎప్పుడో బీటలిచ్చి, ఈమధ్యే పూర్తిగా తెగినట్టుంది. బయటి నుంచి ఏమీ కనబడలేదు. పాల వ్యాన్ అన్నా, నువ్వన్నది కూడా నిజమే, రోజూ ఎడమ పక్కే ముందు నింపేవాణ్ణి.

కమాన్ల పనివాడు:
రెండు పక్కలా ఆ పట్టీ మార్పించు. కొత్తది ఒక్కటే వేస్తే ఈసారి కుడివైపుకు ఒరుగుతుంది. కమాన్‌ను ఇరుసుకు పట్టి ఉంచే పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, సాగి ఉంటాయి. కమాన్ చివరను చాసిస్‌కు తగిలించే షాకిల్ బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే బిగించమను. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడి తొందరగా చినిగిపోతుంది.

నూజివీడు మామిడి బండి:
చేయించాను అన్నా. ఇప్పుడు వెనక తేడా 5 మిల్లీమీటర్లే. నిన్న ఫుల్ లోడ్‌తో నున్న వెళ్లొచ్చాను, అదే మలుపులో ఒక్క క్రేట్ కూడా కదల్లేదు. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలని చెప్పారు, ఆ లెక్కన వచ్చే గురువారం వెళ్తాను.