గెర్లాన్ ‘జెదీ’: ఆ జంతుగంధం ఈజిప్టుదా, పారిస్‌దా?

వట్టివేరు:

పారిస్‌లోని గెర్లాన్ సంస్థ కోసం జాక్ గెర్లాన్ 1926లో కూర్చిన ‘జెదీ’ పరిమళం గురించి ఈ చర్చను ప్రారంభిస్తున్నాను. 1922లో టుటంఖామెన్ సమాధి వెలుగు చూశాక ఐరోపాలో నగల నుంచి భవనాల ముఖద్వారాల వరకు ఈజిప్టు మోజు ఆవరించిన కాలంలో వచ్చిన పరిమళం ఇది. దీని తయారీ ఎన్నో ఏళ్ల క్రితమే ఆగిపోయింది. 1996లో, డెబ్బై ఏళ్లు నిండిన సందర్భంగా, పరిమిత సంఖ్యలో సీసాలను మళ్లీ విడుదల చేశారు. పాత పరిమళాలు సేకరించే మిత్రుడొకరు అందులోంచి కొద్దిగా పంపడంతో దానిని తీరికగా పరిశీలించే అవకాశం నాకు దొరికింది.

చర్మం మీద వేయగానే ముందుగా తెలిసేది వట్టివేరు. వేసవిలో తడికెల మీద నీళ్లు చల్లినప్పుడు వచ్చే చల్లదనం ఇందులో ఏ మాత్రమూ లేదు; చెమ్మంతా ఇంకిపోయి, చేదూ మట్టీ మాత్రమే మిగిలిన వేరు వాసన ఇది. దాని వెనుక గులాబీ ఉంది గాని, పూర్తిగా విచ్చుకోకముందే పొడిబారిపోతుంది. కాసేపటికి తోలు, ఓక్ చెట్ల మీది నాచు, ఆ రెండింటి అడుగున పునుగు (పునుగు పిల్లి ఒంటి నుంచి వచ్చే ద్రవ్యం) ఒక్కొక్కటిగా పైకి వస్తాయి. ఒంటి వేడికి ఆ పునుగు మెల్లగా కరుగుతూ, జిడ్డుగా, వెచ్చగా, ప్రాణమున్న జంతువేదో పక్కనే ఉన్నదనిపించేంత స్పష్టంగా మారుతుంది. మర్నాడు ఉదయం చొక్కా చేతి అంచున మిగిలినది కూడా అదే. ఇంత గంభీరమైన పరిమళం మరొకటి నాకు తెలియదు. దీని గొప్పతనం గురించి నాకు ఏ సందేహమూ లేదు.

నా ప్రశ్న వేరు. ఈ తోలు, పునుగు వాసనల్లో ప్రాచీన ఈజిప్టు ఆత్మ ఉన్నదని పరిమళ ప్రియులు తరచుగా అంటుంటారు. ఆ మాట నిలబడదని నా అభిప్రాయం. ఈజిప్టు దేవాలయాల్లో రాత్రివేళ ధూపంగా వేసిన ‘కైఫీ’లో ఏమేమి కలిపేవారో గ్రీకు రచయిత ప్లూటార్క్ వివరంగా రాశాడు. తేనె, ద్రాక్షసారా, ఎండుద్రాక్ష, తుంగముస్తలు, బోళం, రూమీ మస్తకి, ఏలకులు మొదలుగా పదహారు ద్రవ్యాలు అందులో ఉన్నాయి. పునుగు గాని, కస్తూరి గాని లేవు. ఉదయం గుగ్గిలపు జిగురు, మధ్యాహ్నం బోళం, సాయంత్రం కైఫీ వేసేవారనీ, ద్రవ్యాలు కలుపుతున్నంతసేపూ పవిత్ర గ్రంథాలు చదివి వినిపించేవారనీ కూడా ఆయన చెప్పాడు. ఎడ్ఫూ ఆలయంలో గోడల మీద చెక్కిన కైఫీ విధానాలదీ ఇదే దారి. కస్తూరి మధ్యధరా తీరానికి చేరినది క్రీస్తు తర్వాత కొన్ని శతాబ్దాలకు. ఫరోల ఈజిప్టుకు దానితో పరిచయమే లేదు.

ఈజిప్టువారు దైవాన్ని వాసన బట్టి గుర్తుపట్టారు. దేర్ ఎల్ బహరీలోని హట్షెప్‌సుట్ ఆలయంలో చెక్కిన జన్మగాథ ప్రకారం, అమున్ దేవుడు ఆమె తల్లి రాణి అహ్‌మోస్ మందిరానికి వచ్చినప్పుడు ఆమెను నిద్ర లేపినది ఆయన ఒంటి సువాసన; అది పున్త్ దేశపు పరిమళం, అంటే బోళం, కుందురుష్కం (సాంబ్రాణి) వంటి జిగుర్ల పరిమళం. మరణించినవారిని సైతం సువాసనతో నింపడానికి తరతరాలుగా శ్రమించిన జాతికి పశువుల కొట్టం వాసనను అంటగట్టడం, సమాధి అనగానే చీకటినీ క్రూరమృగాలనూ ఊహించుకున్న 1920ల పారిస్ చేసిన పని అని నేను అనుకుంటున్నాను. భిన్నాభిప్రాయం ఉన్నవారు ఆధారాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఖెప్రి:

వట్టివేరు గారికి నమస్కారం. మీరు చూపిన ఆధారాలతో నాకు పేచీ లేదు. వాటి నుంచి మీరు తీసిన నిర్ణయంతోనే ఉంది. ద్రవ్యాల జాబితాలో పునుగు లేదు కనుక ఈజిప్టుకూ ఈ పరిమళానికీ సంబంధం లేదనడం, ఒక బొమ్మలో వాడిన రంగు ఆ దేశంలో దొరకదు కనుక ఆ బొమ్మ ఆ దేశానిది కాదన్నట్టుంది. పరిమళానికి పెట్టిన పేరు ఎవరిదో ముందు చూద్దాం.

బెర్లిన్‌లో భద్రపరచిన ప్రాచీన ఈజిప్టు రాతప్రతి వెస్ట్‌కార్ పాపిరస్‌లోని కథల్లో జెదీ అనే మాంత్రికుడు కనిపిస్తాడు. వయసు 110 ఏళ్లు. రోజుకు ఐదు వందల రొట్టెలు, ఎద్దు మాంసం తిని, నూరు కూజాల బీరు తాగుతాడు. తెగిన తలను మొండేనికి అతికించి బతికించగలడని, పగ్గం నేల మీద ఈడ్చుకుపోతున్నా సింహాన్ని తన వెంట నడిపించుకోగలడని ఖుఫూ చక్రవర్తికి ఆయన కుమారుడు చెబుతాడు. ఖైదీ ఒకడి తల నరికి చూపమని రాజు అడిగితే, మనిషి మీద ఆ పని చేయనని జెదీ నిరాకరిస్తాడు. అప్పుడు ఒక బాతును తెస్తారు. తల ఒక మూల, మొండెం ఒక మూల పెట్టగా, అవి రెండూ కదిలి వచ్చి కలుసుకుంటాయి. బాతు లేచి నిలబడి అరుస్తుంది. తర్వాత ఎద్దు వంతు. ఈ కథంతా జంతువు ప్రాణం గురించినదే. జెదీ పేరు పెట్టుకున్న పరిమళంలో జంతువు ఉండకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఇక నేను పేరుగా పెట్టుకున్న దేవుడి సంగతి. ఖెప్రి ఉదయించే సూర్యుడు. ఆయన రూపం పేడపురుగు. పేడను ఉండగా చుట్టి దొర్లించుకుపోయే పురుగులో సూర్యగమనాన్ని చూసి, దాని ఆకారాన్ని మణులలో, బంగారంలో చెక్కించి, చనిపోయినవారి గుండె మీద ఉంచిన సంస్కృతి అది. సక్కారాలో ఇబిస్ కొంగలను, బుబాస్టిస్‌లో పిల్లులను లక్షల సంఖ్యలో శవసంరక్షణ చేసి పూడ్చిపెట్టారు. నైలు వాకిట్లో మొసలిని సోబెక్ దేవుడిగా కొలిచారు. జంతువు ఒంటిని, దాని మురికిని దైవం నుంచి విడదీయని ఆ చూపును ఒక పరిమళకర్త పట్టుకోవాలంటే బోళమూ తేనే సరిపోవు. పునుగు సరిపోతుంది, ఎందుకంటే అది కూడా దుర్గంధంగా మొదలై సువాసనగా తేలే ద్రవ్యమే.

ఏడుకొండల వాకిట:

నేను తిరుపతిలో ఉంటాను. పునుగు అనగానే ఇక్కడివారికి పశువుల కొట్టం గుర్తుకు రాదు. తిరుమలలో శుక్రవారం అభిషేకమైన తర్వాత శ్రీవారి మూలమూర్తికి పునుగు తైలం పూస్తారు. పునుగు పిల్లి తన ఒంటిని గంధపు చెక్కకు రుద్దుకున్నప్పుడు దానికి అంటుకునే ముద్దను గీకి తీసి, తైలంగా సిద్ధం చేస్తారు. పచ్చిగా ఉన్నప్పుడు ఆ ముద్ద వాసన ఘాటుగా, ముక్కు తిప్పుకునేలా ఉంటుంది. తగినంత పలచబడిన తర్వాత అదే వాసన గర్భగుడి వాసన అవుతుంది. తట్టుపునుగు, జవ్వాది, కస్తూరి మన రాజాస్థానాల్లోనూ అలంకారంలోనూ తరాలుగా ఉన్న ద్రవ్యాలే. కాబట్టి జంతువు వాసనను పవిత్రతతో కలపడం పారిస్ కల్పన అని వట్టివేరు గారు అన్నప్పుడు, ఆ కలయిక వేరే చోట్ల, వేరే కాలాల్లో సహజంగా జరిగిందని గుర్తు చేయాలనిపించింది. ఈజిప్టులో జరిగిందా లేదా అనేది పండితులు తేల్చవలసిన సంగతి. జరగడం అసాధ్యం అనడానికి మాత్రం కారణం లేదు.

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. ఇథియోపియాలో పునుగు పిల్లులను ఇరుకైన బోనుల్లో ఉంచి ద్రవ్యం తీయడం చాలాకాలంగా ఉన్నదే. ఆ బాధ ఎవరూ కాదనలేనిది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జంతువుకు రక్షణ కల్పిస్తోంది. పాత పరిమళాల్లో ‘అసలు పునుగు’ కోసం వెదికే మిత్రులు దీనిని మరవకూడదు.

ప్రయోగశాల:

పై మాటకు రసాయన శాస్త్రం వైపు నుంచి కొంత చేర్చుతాను. పునుగుకు ఆ గుణాన్ని ఇచ్చే ముఖ్య పదార్థమైన సివెటోన్ నిర్మాణాన్ని లియోపోల్డ్ రుజిచ్కా తేల్చినది 1926లోనే, అంటే ‘జెదీ’ వచ్చిన ఏడాదే. ఆయనకు 1939లో నోబెల్ బహుమతి వచ్చింది. పునుగులోనే స్కటోల్ కూడా ఉంటుంది. మలానికి ఆ వాసన ఇచ్చేది అదే. దానికి దగ్గరి బంధువైన ఇండోల్ మల్లెల్లో, జాజుల్లో సహజంగా ఉండి, ఆ పూల మత్తుకు కారణమవుతుంది. పువ్వుకూ పశువుకూ మధ్య మనం గీసుకున్న గీత అణువుల స్థాయిలో అంత గట్టిది కాదు.

ఈజిప్టు పరిమళాల్లో జంతువు లేదన్న మాట కూడా పూర్తిగా సరికాదు. వారికి మద్యసారంతో పరిమళం తీసే పద్ధతి లేదు. పూలనూ జిగుర్లనూ నూనెల్లో, కొవ్వుల్లో నానబెట్టేవారు. మునగ జాతి గింజల నూనె, బాలనోస్ నూనె వారికి ప్రియమైనవి. పశువుల కొవ్వు కూడా వాడారు. ఫరో రెండవ అమెన్‌హోటెప్‌కు పాలిచ్చిన సెనెట్నే అనే స్త్రీ అవయవాలను భద్రపరచిన జాడీల అవశేషాలను 2023లో పరిశోధకులు విశ్లేషించినప్పుడు తేనెమైనం, వృక్ష తైలాలు, జంతువుల కొవ్వులు, బిటుమెన్ (తారు వంటి నల్లని పదార్థం), దేవదారు కుటుంబపు చెట్ల జిగురు బయటపడ్డాయి. ఆ లేపనాన్ని మళ్లీ తయారు చేయించి డెన్మార్క్‌లోని ఒక మ్యూజియంలో సందర్శకులకు వాసన చూపించారు. 2025లో కైరో ఈజిప్షియన్ మ్యూజియంలోని తొమ్మిది మమ్మీల వాసనను శిక్షణ పొందినవారు, యంత్రాలు కలిసి పరిశీలించగా చెక్క, మసాలా, తీపి అనే వర్ణనలే ప్రధానంగా వచ్చాయి. వాటిలో కొన్ని వాసనలు మ్యూజియంవారు తర్వాత వాడిన సంరక్షక తైలాలవీ పురుగు మందులవీ కావచ్చునన్న జాగ్రత్త అవసరమే గాని, కుళ్లు గురించిన మన ఊహ మాత్రం తప్పని తేలింది.

వట్టివేరు:

అందరికీ కృతజ్ఞతలు. జెదీ కథను ఖెప్రి గారు చెప్పిన తీరు ఈ చర్చకు చాలా అవసరమైనది. ఆ కథను, కొవ్వుల గురించి ప్రయోగశాల గారు ఇచ్చిన వివరాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, నా అభ్యంతరాన్ని మరింత కచ్చితంగా చెప్పగలనని అనిపిస్తోంది. నన్ను ఇబ్బంది పెట్టేది ఇందులోని జంతువు కాదు, ఇందులోని పొడిదనం.

కథలో బాతు తల అతుక్కుని లేచి అరుస్తుంది. ఆ మాంత్రికుడు తిండిపోతు, బీరు ప్రియుడు. నూట పదేళ్ల వయసులోనూ నిండుగా బతుకుతున్నవాడు. కైఫీలో తేనె, ద్రాక్షసారా, నానిన ఎండుద్రాక్ష ఉన్నాయి. సుగంధానికి అధిదేవుడైన నెఫెర్టెమ్ తలమీద ధరించేది నీటిలోంచి ఉదయించే నీలికలువ. వారి పరిమళాలు కొవ్వులో, నూనెలో నానినవి, ఒంటికి పట్టించుకునేవి. ఏ ఆధారం తీసుకున్నా తడి, తీపి, నిండుదనమే కనిపిస్తున్నాయి. అటువంటి దేశాన్ని తలపించవలసిన పరిమళంలో గులాబీ విచ్చుకోకముందే ఎందుకు వాడిపోవాలి? పునుగు ఎందుకు ఎండిన తోలులో చిక్కుకుని ఉండాలి? మూడు వేల ఏళ్లకు పైగా మూసి ఉన్న గదిని తెరిచినప్పుడు ఎదురైన గాలినీ ధూళినీ 1922 నుంచి పత్రికల్లో చదువుతూ వచ్చిన పాఠకుల ఊహకు ఆ పొడిదనం సరిపోయింది. ఆ గదిలో పడుకోబెట్టిన నాటి మనుషులకు తెలిసిన వాసన అది కాదు.

మరొక సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా నచ్చుతుంది. ఆ పొడిదనాన్ని అంతటినీ మోస్తున్నది వట్టివేరు. అది భారతదేశపు గడ్డి వేరు. నైలు తీరపు పరిమళ ద్రవ్యాల్లో దానికి చోటు లేదు. జాక్ గెర్లాన్ ఈజిప్టు ఎడారిని మన నేలలోని వేరుతో కట్టాడు. అందుకు ఆయన ప్రతిభను మెచ్చుకుంటాను. దానిని ఈజిప్టు అని మాత్రం ఒప్పుకోలేను.

ఖెప్రి:

పొడిదనం ఈజిప్టుది కాదంటే నేను అంగీకరించను. ఈజిప్టువారు తమ దేశాన్ని రెండుగా చూశారు: నైలు ఒండ్రుతో నిండిన నల్ల నేల, దానిని రెండు వైపులా చుట్టుముట్టిన ఎర్ర నేల. ఎర్ర నేల సెత్ దేవుడిది. శవసంరక్షణకు ఆధారమే ఎండబెట్టడం. వాడీ నట్రూన్ నుంచి తెచ్చిన నాట్రాన్ ఉప్పులో దేహాన్ని పూడ్చి చెమ్మనంతా పీల్చేవారు. ఎండితేనే దేహం నిలుస్తుందన్న జ్ఞానం వారిదే గాని పారిస్‌ది కాదు.

వట్టివేరు:

నాట్రాన్ ప్రస్తావన సరైనదే. అయితే సంస్కారానికి పట్టే డెబ్బై రోజుల్లో ఎండబెట్టడానికి పట్టేది దాదాపు 40 రోజులు. మిగిలిన కాలమంతా నూనెలు పట్టించడానికి, జిగుర్లు పోయడానికి, సువాసన ద్రవ్యాలతో నింపి గుడ్డలు చుట్టడానికే. ఎండిన చర్మాన్ని తైలంతో మళ్లీ మెత్తబరిచాకే వారి పని పూర్తయినట్టు. ‘జెదీ’ ఆ మొదటి 40 రోజుల దగ్గరే ఆగిపోయిందని నా వాదన. ఇందులోని పునుగు మీద బోళమూ తేనె మైనమూ పోసి చూడాలన్న కోరిక నాకు ఈ చర్చ వల్లనే కలిగింది. మూలికల దుకాణంలో బోళం, రూమీ మస్తకి, తుంగముస్తలు దొరుకుతాయి. ఖెప్రి గారు కూడా తమ వద్ద ఉన్న నమూనాతో అదే ప్రయత్నించి, పొడిదనం పోతే ‘జెదీ’ మిగులుతుందో లేదో ఇక్కడ రాస్తే, ఈ వాదాన్ని కాగితం మీద కాక చర్మం మీద కొనసాగించవచ్చు.