గురుత్వాకర్షణను అడ్డుకునే పెట్టె ఎందుకు లేదు?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడే ప్లస్ టూ చదువుతోంది. కాలేజీలో ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ విన్న పాఠాన్ని ఇంటికొచ్చి నాకు తెలుగులో చెప్పడం దానికి అలవాటు. రెండు ఆవేశాల మధ్య బలమైనా, రెండు ద్రవ్యరాశుల మధ్య బలమైనా దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు తగ్గుతుంది కదా. సూత్రాలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, లోహపు పెట్టె బయటి విద్యుత్ క్షేత్రాన్ని లోపలికి రానివ్వదు గాని గురుత్వాకర్షణను మాత్రం ఎందుకు ఆపలేదని దాని సందేహం. పైగా ఫోన్‌ను స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించినా మోగింది. అల్యూమినియం ఫాయిల్‌లో రెండు చుట్లు చుడితే మోగలేదు. పెద్దలెవరైనా వివరించగలరా?

జవాబు 1 (జయపురం, విశ్రాంత అధ్యాపకుడు)

అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. కూలుంబ్ 1785లో ప్రకటించిన నియమానికీ న్యూటన్ 1687 నాటి నియమానికీ రూపం ఒకటే అయినా, ఆవేశాల్లో ధన, ఋణ అని రెండు రకాలున్నాయి, ద్రవ్యరాశిలో ఒక్క రకమే ఉంది. లోహం విద్యుత్ క్షేత్రాన్ని గోడలా ఆపదు. బయటి క్షేత్రం సోకగానే లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఒక పక్కకు జరుగుతాయి, రెండో పక్కన ధనావేశం మిగిలిపోతుంది, ఈ రెండూ కలిసి పుట్టించే ఎదురు క్షేత్రం లోపల బయటిదానిని సరిగ్గా రద్దు చేస్తుంది. ఋణ ద్రవ్యరాశి అనేది ఇంతవరకు ఎవరికీ కనిపించలేదు కాబట్టి గురుత్వాకర్షణ విషయంలో ఇలా రద్దు చేయగలిగేది ఏదీ లేదు.

డబ్బా సంగతికి వస్తే, అక్కడున్నది నిలకడ క్షేత్రం కాదు, రేడియో తరంగం. మూతకూ అంచుకూ మధ్య సందు వెంట్రుక మందమే కావచ్చు గాని, లోహానికి లోహం సరిగా తగలని చోట అది డబ్బా చుట్టూ జానెడు పైనే సాగుతుంది. తరంగాన్ని లోపలికి రానిచ్చేది ఆ సందు వెడల్పు కన్నా ముఖ్యంగా దాని పొడవే. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, అందువల్ల అంత పొడవాటి సందు దానికి చాలు. ఫాయిల్ మడతలు ఒకదాని మీద ఒకటి నొక్కుకుని ఉండడంతో అలాంటి సందు మిగలలేదు.

జవాబు 2 (రాయగడ)

గుల్లగా ఉన్న గోళం లోపల గురుత్వాకర్షణ సున్నా అని పుస్తకాల్లో ఉంటుంది. అది అడ్డుకోవడం కాదా అండీ?

జవాబు 3 (జయపురం, విశ్రాంత అధ్యాపకుడు)

కాదండీ, చాలామంది తడబడేది ఇక్కడే. ఆ గోళం తన ద్రవ్యరాశి వల్ల కలిగే బలాన్ని లోపల సున్నా చేస్తుందే తప్ప, బయట ఉన్న భూమి లాగే లాగుడును రవ్వంత కూడా తగ్గించదు. అందులో కూర్చున్న మనిషి బరువు ఎప్పటిలాగే ఉంటుంది.

జవాబు 4 (కోరాపుట్, విద్యుత్ శాఖలో పని)

ఒక మాట కలుపుతాను. ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ మధ్య విద్యుత్ బలం వాటి మధ్య గురుత్వ బలానికి సుమారు 10^39 రెట్లు. పొడి తలపై రుద్దిన దువ్వెన చిన్న కాగితం ముక్కను భూమి మొత్తానికి ఎదురుగా పైకెత్తుతుంది. అయినా మన రోజువారీ జీవితంలో బలహీనమైన గురుత్వాకర్షణదే పైచేయి, ఎందుకంటే పెద్ద వస్తువుల్లో రెండు రకాల ఆవేశాలూ దాదాపు సమానంగా ఉండి చెల్లుకు చెల్లు అయిపోతాయి, ద్రవ్యరాశి మాత్రం కూడుతూనే పోతుంది. మా పక్కనే ఉన్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి బతుకుతున్నది ఆ కూడిక మీదే: నూరు మీటర్ల ఎత్తు నుంచి దిగే ఘనమీటరు నీటిలో నష్టాలు లెక్కించకపోతే సుమారు 0.27 యూనిట్ల శక్తి ఉంటుంది.

పిడుగుల వేళ ఈ పాఠాన్ని తప్పుగా వాడుకోవద్దని కూడా మనవి. అన్ని వైపులా ఇనుప రేకుతో మూసిన కారు లోపల, అద్దాలు ఎత్తుకుని, లోహపు భాగాలు తాకకుండా కూర్చుంటే రక్షణ ఉంటుంది; పొలంలో నాలుగు కర్రల మీద వేసిన రేకుల షెడ్డు మాత్రం మూసిన పెట్టె కాదు, దాని కింద నిలబడకూడదు.