రెట్రో వైర్‌లెస్ ప్యాడ్: మన్నిక చూడాల్సింది స్టిక్‌లోనా, బ్యాటరీలోనా?

రెండోప్లేయర్
అందరికీ నమస్కారం. నేను ఆడేవన్నీ 8 బిట్, 16 బిట్ కాలం నాటి గేములే. ఎక్కువగా ప్లాట్‌ఫామర్లు (మారియో లాంటి దూకుడు గేములు), అప్పుడప్పుడు ఫైటింగ్. పీసీలో ఎమ్యులేటర్ (పాత కన్సోల్ గేములు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి టీవీకి కలిపి ఆడతాను. కాస్త దూరంగా కూర్చుంటాను కాబట్టి వైర్‌లెస్ ప్యాడ్ (గేమ్ కంట్రోలర్) కావాలి. ఆకారం కూడా పాత ప్యాడ్ లాగే ఉండాలి, ఇప్పటి పెద్ద ప్యాడ్లు నా చేతికి అలవాటు కాలేదు.

ఇప్పుడున్నది చివరి దశకు వచ్చింది. ఎడమవైపు నొక్కితే ఒక్కోసారి పలకదు, గట్టిగా అదిమితే గానీ కదలదు. ఛార్జింగ్ కేబుల్‌ని ఏదో ఒక కోణంలో వంచి పెడితేనే ఛార్జ్ ఎక్కుతుంది. ఈసారి కొనేది ఏళ్ల తరబడి ఉండాలి. ఎవరిని అడిగినా "హాల్ ఎఫెక్ట్ స్టిక్ ఉన్నది తీసుకో, ఇంకేం చూడక్కర్లేదు" అంటున్నారు. నిజంగా అంతేనా?

జంప్‌బటన్
అంతే బ్రో. బొటనవేలితో తిప్పే మామూలు స్టిక్‌లో కార్బన్ పూత మీద ఒక చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగిందంటే డ్రిఫ్ట్ మొదలు, మీరు చెయ్యి పెట్టకపోయినా హీరో తనంతట తానే నడిచిపోతాడు. హాల్ ఎఫెక్ట్‌లో ఉండేది అయస్కాంతం, సెన్సర్. ఒకదాన్నొకటి తాకవు కాబట్టి అక్కడ అరిగేదేమీ లేదు. ఇప్పుడు టీఎంఆర్ అనే ఇంకో రకం అయస్కాంత సెన్సర్లు కూడా వస్తున్నాయి, అవి కరెంటు ఇంకా తక్కువ తీసుకుంటాయి. మన్నిక అడిగారు కాబట్టి మొదట చూడాల్సింది ఇదే.

టంకంపెట్టె
ఆయన ఏం ఆడతానన్నారో ఒకసారి పైకెళ్లి చదవండి. 8 బిట్, 16 బిట్ గేములు దాదాపు అన్నీ డి-ప్యాడ్‌తో (ఎడమవైపు ఉండే నాలుగు దిక్కుల బటన్) ఆడేవే. బొటనవేలు స్టిక్ మీదికి వెళ్లనే వెళ్లనప్పుడు అది అరిగితే ఏంటి, అరగకపోతే ఏంటి?

ఆయన చెప్పిన రెండు జబ్బులూ చూడండి. ఒక్కటైనా స్టిక్‌కి సంబంధించిందా? ఎడమ పలకకపోవడం రబ్బరు సంగతి. ఛార్జ్ ఎక్కకపోవడం పోర్టు సంగతి. నా దగ్గరికి బాగు చేయమని వచ్చే రెట్రో ప్యాడ్లలో మళ్లీ మళ్లీ కనిపించేవి మూడే: రబ్బరు, పోర్టు, బ్యాటరీ.

రబ్బరు గురించి కాస్త వివరంగా చెప్తాను. ప్యాడ్ విప్పితే బటన్ల కింద మెత్తని రబ్బరు షీటు ఉంటుంది. ఒక్కో బటన్ కింద చిన్న గోపురం లాంటి ఉబ్బు, దాని లోపలి వైపు నల్లటి కార్బన్ బిళ్ళ. బటన్ నొక్కితే గోపురం కిందికి కుంగి, ఆ బిళ్ళ బోర్డు మీది రెండు గీతలను కలుపుతుంది, సిగ్నల్ వెళ్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ బిళ్ళ మీద చెమట, జిడ్డు, ప్లాస్టిక్ రాపిడి పొడి చేరతాయి. బటన్ పలకడం తగ్గగానే మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, దాంతో గోపురం అంచు చిరుగుతుంది. చిరగకముందే విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో బోర్డు మీది గీతలు తుడిచి, బిళ్ళను మెల్లగా అద్దితే చాలాసార్లు మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది. బిళ్ళను రుద్దకూడదు, కార్బన్ ఊడొస్తుంది. చిరిగిపోతే షీటు మార్చాలి. నింటెండో పాత కన్సోళ్లు ఎన్ఈఎస్ (8 బిట్), ఎస్ఎన్ఈఎస్ (16 బిట్) ప్యాడ్లకు ఇప్పటికీ కొత్త షీట్లు దొరుకుతాయి. అవి ఇంతకాలం బతికింది అందుకే.

కాబట్టి నేనడిగే మొదటి ప్రశ్న: ప్యాడ్ వెనక మామూలు స్క్రూలు ఉన్నాయా, లోపలి పార్టులు విడిగా దొరుకుతాయా? మిగతావన్నీ ఆ తర్వాతే.

జంప్‌బటన్
అందరూ మీలా స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోరు అన్నా. కొనేవాడు ఆడుకోవడానికి కొంటాడు. అసలు పాడవనిది కొనమనే కదా నేను చెప్పేది. రబ్బరు బదులు మైక్రోస్విచ్‌లు (టిక్ మనే చిన్న స్విచ్‌లు) పెట్టిన ప్యాడ్లు కూడా ఉన్నాయి, అవి తీసుకోవచ్చు.

టంకంపెట్టె
మైక్రోస్విచ్ మంచిదే, కాదనను. నియో జియో సీడీ అనే పాత కన్సోల్ ప్యాడ్‌లో టిక్ టిక్ మనే ఆ స్టిక్‌ని ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ అది పోయిన రోజు తుడిస్తే సరిపోదు. బోర్డు మీంచి పాతది ఊడదీసి కొత్తది టంకం పెట్టాలి. పైగా రాత్రిపూట ఆడితే పక్కగదిలో వాళ్లకి నిద్ర ఉండదు.

చీట్‌కోడ్
ఇంత గొడవెందుకు, వైర్ ఉన్నది తీసుకుంటే బ్యాటరీ గోలే లేదు.

రెండోప్లేయర్
వైర్‌లెస్ కావాలని మొదటి పోస్టులోనే చెప్పానండీ :)

పాతకన్సోల్
బ్యాటరీ గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడట్లేదు. లిథియం బ్యాటరీ వాడినా ముసలిదవుతుంది, వాడకపోయినా ముసలిదవుతుంది. రోజూ ఫుల్ ఛార్జ్‌లో ఉంచితే త్వరగా, పూర్తిగా ఖాళీ అయ్యాక నెలల తరబడి సొరుగులో పడేస్తే ఇంకా త్వరగా. రెట్రో ప్యాడ్లకు జరిగేది ఎక్కువగా ఈ రెండోదే. కొన్నాళ్లు పిచ్చిగా ఆడి, తర్వాత ఆరు నెలలు మర్చిపోతాం. తీసి చూస్తే ఆన్ అవదు. ఒక్కోసారి బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచి కనిపిస్తుంది. అలా ఉబ్బినదాన్ని ఛార్జ్ పెట్టకండి, గుచ్చకండి.

అందుకని బ్యాటరీ బయటికి తీయగలిగే ప్యాడ్ కొనండి. ఉదాహరణకు 8బిట్‌డో కంపెనీ ప్రో 2లో 1000 ఎంఏహెచ్ ప్యాక్ ఉంటుంది. మూత తీసి దాన్ని పక్కన పెట్టి, రెండు డబుల్ ఏ సెల్స్ వేసినా నడుస్తుంది. అదే కంపెనీ ఎస్ఎన్30 ప్రో చూడటానికి అచ్చం ఎస్ఎన్ఈఎస్ ప్యాడే, ముద్దొస్తుంది, కానీ బ్యాటరీ లోపల ఉంటుంది, 480 ఎంఏహెచ్. దాన్ని మార్చాలంటే స్క్రూలు విప్పక తప్పదు. అందం ఒక వైపు, మన్నిక ఒక వైపు అయినప్పుడు నేను మన్నిక వైపే ఉంటాను.

సిక్స్‌బటన్
డబుల్ ఏ సెల్స్ అంత అమాయకమైనవేం కాదండీ. ఆల్కలైన్ సెల్స్ లోపల వదిలేస్తే కారతాయి, స్ప్రింగుల మీద తెల్లగా పేరుకుని కాంటాక్టులు తినేస్తాయి. సెల్స్ వేసి మర్చిపోయే మనిషికి ఆ సౌకర్యమే శత్రువు. రీఛార్జబుల్ నికెల్ సెల్స్ వేసుకోవచ్చు, అవి కారడం అరుదు. కాకపోతే వాటి వోల్టేజీ 1.2 కాబట్టి కొన్ని ప్యాడ్లు ముందుగానే బ్యాటరీ తక్కువైందని లైటు మినుకుతుంటాయి.

ఫైటింగ్ కూడా ఆడతానన్నారు కాబట్టి 8బిట్‌డో ఎం30 కూడా చూడండి. సెగా ఆరు బటన్ల ప్యాడ్ తరహాలో ఉంటుంది, స్టిక్కే లేదు. జంప్‌బటన్ గారి టెన్షన్ కూడా తీరిపోతుంది.

జంప్‌బటన్
హహ, సరే. రేపు ఆయన 64 బిట్ గేములకి మారితే స్టిక్ కోసం ఇంకో ప్యాడ్ కొనాలి, అప్పుడు నన్ను తలచుకుంటారు. నింటెండో 64 (ఎన్64) ప్యాడ్ స్టిక్ ఎలా పోయేదో పాతవాళ్లకి తెలుసు. కింద గిన్నె అరిగి తెల్లటి పొడి రాలేది, స్టిక్ వదులై పక్కకి వాలిపోయేది.

ఇంకో మాట. బ్యాటరీ, రబ్బరు సరే, వైర్‌లెస్ సంగతేంటి? బ్లూటూత్ కన్నా డాంగిల్‌తో (యూఎస్‌బీలో పెట్టే చిన్న రిసీవర్) వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ ప్యాడ్లలో ఆలస్యం సాధారణంగా తక్కువ. సెకనుకి 60 ఫ్రేములు (బొమ్మలు) చూపే గేములో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లే. ప్లాట్‌ఫామర్‌లో అంచు మీంచి దూకేటప్పుడు ఒక ఫ్రేమ్ పోయినా తెలుస్తుంది.

పాతకన్సోల్
డాంగిల్ దగ్గరే నాకు అభ్యంతరం. నింటెండో గేమ్‌క్యూబ్ కన్సోల్ కోసం 2002లో వచ్చిన వేవ్‌బర్డ్ వైర్‌లెస్ ప్యాడ్ తెలుసు కదా. రెండు డబుల్ ఏ సెల్స్‌తో 100 గంటల దాకా నడుస్తుందని నింటెండో చెప్పుకుంది. ప్యాడ్ చాలా గట్టిది. అయినా సెకండ్ హ్యాండ్‌లో ప్యాడ్ ఒక్కటే కనిపిస్తుంది, రిసీవర్ ఎక్కడో పోయి ఉంటుంది. రిసీవర్ లేకపోతే అది బొమ్మే. ఇప్పటి డాంగిల్ అయితే గోరంత ఉంటుంది, దాన్ని పదేళ్లు కాపాడటం ఎవరి తరం? కొనేముందు రెండు చూడండి: డాంగిల్ దాచుకోవడానికి ప్యాడ్‌లో గానీ స్టాండులో గానీ చోటు ఉందా, డాంగిల్ పోతే బ్లూటూత్‌లో గానీ కేబుల్‌తో గానీ నడుస్తుందా.

ఇంకో రకం చిక్కు కూడా ఉంది. తన స్విచ్ కన్సోల్ ఆన్‌లైన్ సభ్యుల కోసం నింటెండో అమ్మిన ఎన్ఈఎస్ ప్యాడ్లు వైర్‌లెసే, తయారీ కూడా బాగుంటుంది. వాటికి ఛార్జింగ్ పోర్టు లేదు. స్విచ్‌తో వచ్చే జాయ్‌కాన్ కంట్రోలర్లలా స్విచ్ పక్కన ఉన్న పట్టాలోకి జారిస్తేనే ఛార్జ్ అవుతాయి. 2025లో వచ్చిన స్విచ్ 2లో ఆ పట్టాలే లేవు, అయస్కాంతంతో అతుక్కునే పద్ధతి. అంటే పాత స్విచ్‌ని గానీ ఆ పట్టా ఉన్న ఛార్జర్‌ని గానీ దాచుకోవాలి. ప్యాడ్‌కేమీ కాకపోయినా చుట్టూ ఉన్నవి మారిపోతే దాని పని అయిపోయినట్టే. ఎస్ఎన్ఈఎస్ తరహా ప్యాడ్‌కి మాత్రం టైప్ సి ఉంది.

టంకంపెట్టె
పోర్టు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మైక్రో యూఎస్‌బీకి, టైప్ సికి కాగితం మీద రేటింగ్ ఒకటే, 10,000 సార్లు పెట్టి తీయొచ్చని. నాకు కనిపించేది వేరు. పోర్టు లోపల అరగడం కన్నా, బోర్డు మీంచి టంకంతో సహా ఊడి రావడం ఎక్కువ. కేబుల్ పెట్టుకుని ఆడేటప్పుడు అది పోర్టుని అటూ ఇటూ లాగుతుంది, ఎక్కువగా దానివల్లే. రెండోప్లేయర్ గారూ, మీ పాత ప్యాడ్‌లో జరిగింది ఇదే అనుకుంటా. టైప్ సి తీసుకోండి, తలకిందులుగా పెట్టి తోసే అవకాశమైనా తప్పుతుంది. ఛార్జింగ్‌లో ఉండగా ఆడకండి.

సిక్స్‌బటన్
అన్నీ చెప్పుకున్నాం గానీ డి-ప్యాడ్ కొత్తగా ఉన్నప్పుడే బాగోలేకపోతే మన్ని ఏం లాభం? ప్లస్ గుర్తు డి-ప్యాడ్ 1982లో నింటెండో డిజైనర్ గున్‌పెయ్ యోకోయ్ గేమ్ అండ్ వాచ్ (చేతిలో పట్టే గేము) కోసం చేసింది. దాని పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, ఇప్పుడు ఎవరైనా చేయొచ్చు. కానీ అందరూ బాగా చేయరు. మధ్యలో కింద ఉండే గుండ్రటి ఆధారం పొట్టిగా ఉంటే ప్లస్ మొత్తం కిందికి దిగిపోయి, కుడి నొక్కితే పైది కూడా పలుకుతుంది.

ప్యాడ్ రాగానే కంట్రోలర్ టెస్టర్ పేజీ ఏదైనా తెరిచి కుడివైపు గట్టిగా నొక్కి పట్టుకుని వేలిని మెల్లగా పైకీ కిందికీ ఊపండి. కాస్త ఊపగానే మూల దిశలు వెలుగుతున్నాయంటే, టెట్రిస్‌లో ముక్కని పక్కకి జరపబోతే కిందికి పడిపోతుంది. తర్వాత సరిగ్గా నడిమధ్యలో నొక్కండి, నాలుగు దిక్కులూ ఒకేసారి పలకకూడదు. ఈ రెండూ తేడా వస్తే రిటర్న్ గడువు ఉండగానే వెనక్కి పంపేయండి. వాడగా వాడగా డి-ప్యాడ్ వదులవుతుందే గానీ బాగుపడదు.

రెండోప్లేయర్
చాలా థ్యాంక్స్ అందరికీ. బ్యాటరీ బయటికి తీయగలిగేది, టైప్ సి, డాంగిల్ లేకపోయినా బ్లూటూత్‌లో నడిచేది, ఈ లెక్కన వెతుకుతున్నాను. స్టిక్ ఏ రకమైనా ఉండనివ్వండి. ఒక్క డౌటు: ఒక ప్యాడ్ వెనక స్టిక్కర్ కింద స్క్రూ ఉంటుందని చదివాను. స్టిక్కర్ చింపితే వారంటీ పోతుందా?

టంకంపెట్టె
కంపెనీని బట్టి ఉంటుంది, వారంటీ కార్డు చదవండి. వారంటీ ఉన్నన్నాళ్లూ స్టిక్కర్ జోలికి వెళ్లకండి, ఏదైనా తేడా వస్తే వాళ్లకే పంపండి. గడువు దాటాక హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి ఒక మూల నుంచి లేపండి, చిరగకుండా వస్తుంది. బ్యాటరీ ఉన్న చోట మాత్రం వేడి తగలనివ్వొద్దు.

జంప్‌బటన్
ఎన్64 గేములు మొదలుపెట్టిన రోజు ఇక్కడే ఒక పోస్టు పెట్టండి బ్రో, చూస్తుంటాను.