రిజైన్ చేస్తే రెండేండ్లు 50 కిలోమీటర్ల లోపల పాఠం చెప్పొద్దట. ఈ క్లాజ్ నడుస్తదా?

కెమిస్ట్రీ_తమ్ముడు: హన్మకొండల ఒక జూనియర్ కాలేజీల మూడేండ్ల నుంచి చెప్తున్న. నయీంనగర్ల ఇంకో కాలేజీ నుంచి పిలుపొచ్చింది, నెలకు 12 వేలు ఎక్కువ. చేరినప్పుడు సంతకం పెట్టిన కాయితం ఇయ్యాల తీసి చదివిన. మానేసినంక రెండేండ్లు, 50 కిలోమీటర్ల లోపల ఏ కాలేజీలగానీ కోచింగ్‌లగానీ చెప్పొద్దట. చెప్తే 3 లక్షలు కట్టాల్నట. నా ఒరిజినల్ మెమోలు, ఒక ఖాళీ చెక్కు వాళ్ల దగ్గర్నే ఉన్నయి. ఈ ఏడు సిలబస్ అయిపోయింది, నోటీసు కూడా ఇస్త. ఏం చెయ్యాలె?

పరకాల_పోరడు: సంతకం పెట్టేటప్పుడు సదువలేదా సారూ? పిల్లలకేమో ప్రశ్న రెండుసార్లు సదువుమని చెప్తరు.

కోర్టు_క్యాంటీన్: 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 27 చూడండి. చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో, అంటే దాని మంచిపేరుతో సహా అమ్ముకున్నవాడికి ఒక మినహాయింపు ఉంది, మీరు కాలేజీ అమ్మలేదు కదా. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద పర్సెప్ట్ కంపెనీ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇదే చెప్పింది: ఒప్పందం గడువు ముగిశాక కూడా వెంటాడే ఆంక్ష చెల్లదు.

బాలసముద్రం_బోర్డు: వకీలు సార్లు సగమే చెప్తరు. 2025ల విజయా బ్యాంక్ కేసుల సుప్రీంకోర్టు ఏమన్నది? మధ్యల పోయినోడు 2 లక్షలు కట్టాల్సిందే అన్నది. రాసుకున్నదానికి విలువ లేకపోతే ఇగ కాయితాలెందుకు? నోటిమాట మీద నడుపుకుందామా సంస్థలు?

కోర్టు_క్యాంటీన్: అది వేరే సంగతి. మూడేళ్లు పనిచేస్తాను, ముందే వెళ్తే 2 లక్షలు కడతాను అన్న బాండ్ అది. వెళ్లి ఇంకో బ్యాంకులో చేరొద్దని ఎవరూ అనలేదు, ఆయన చేరాడు కూడా. ఉన్నన్నాళ్లకు పెట్టే షరతు వేరు, పోయాక పెట్టే షరతు వేరు.

స్టేషన్_రోడ్: ఒక డౌట్. 50 కిలోమీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తరు? జనగామ లోపలనా బయటనా? మా బామ్మర్ది అక్కడ చెప్తడు.

మడికొండ_కోడర్: మా ఐటీల ప్రతి ఆఫర్ లెటర్ల ఉంటది భయ్యా. ఎవ్వడు పట్టించుకోడు. రిలీవింగ్ లెటర్ ఆపుడే వాళ్ల చేతిల ఉన్న అసలు ఆయుధం.

హంటర్‌రోడ్_ఫిజిక్స్: తమ్మీ, చట్టం సంగతి వకీలు సార్ చెప్పిండు, నేను నా బతుకు చెప్త. పదకొండేండ్లు ఒక్క కాలేజీల చెప్పిన. జీతం పది నెలలకే. ఎండకాలం రెండు నెలలు జీతం లేదు గానీ అడ్మిషన్లకు ఊర్లు తిరగాలె. ములుగు దిక్కు, భూపాలపల్లి దిక్కు టెన్త్ పోరగాళ్ల ఇండ్లకు పోయి, తల్లిదండ్రులను బతిలాడి, టార్గెట్ నింపితేనే జూన్ల మళ్ల క్లాసు ఇస్తరు. రెండు నెలలు కూసోవెట్టి పైసలియ్యనోళ్లు రెండేండ్లు ఖాళీగ కూసోమంటే ఎట్ల? నాకొచ్చేది ఫిజిక్స్ ఒక్కటే. మానేసినంక పాలపాకెట్లు ఎయ్యాల్నా?

బాలసముద్రం_బోర్డు: జీతం సంగతి వేరే థ్రెడ్ల మాట్లాడుకుందాం. సంతకం పెట్టిండా లేదా? అదొక్కటే నా ప్రశ్న.

హంటర్‌రోడ్_ఫిజిక్స్: సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఇస్తరా? నీ అసోంటోళ్లే మేనేజ్‌మెంట్ల సంక నాకుడు.

బాలసముద్రం_బోర్డు: అవును, నాది మేనేజ్‌మెంటే. రెండు రూముల కోచింగ్. పేరు చెప్ప. పోయిన ఏడు డిసెంబర్ల మా మ్యాథ్స్ సార్ ఒక్క మాట చెప్పకుండ పోయిండు. సంక్రాంతి సెలవులు అయినంక చూస్తే 38 మంది పిల్లలు రాలే. వాట్సాప్ గ్రూపు ఆయనే పెట్టిండు, అడ్మిన్ ఆయనే. రాత్రికి రాత్రి గ్రూపు పేరు మార్చిండు, అంతే. మా మెటీరియల్ మీద లోగో చెరిపి జిరాక్సులు తీసిండు. ఆ పిల్లల తండ్రులు ఏనుమాముల మార్కెట్ల పత్తి అమ్మినంక ఫీజు కడతమని ఆగినోళ్లు. ఇంకొకని దగ్గర కట్టిన్రు. నా కిరాయి ఎవడు కడ్తడు? మీ సెక్షన్ 27 కడ్తదా?

ఓరుగల్లు_అక్క: నా బిడ్డ ఆ 38 మందిల లేదు గానీ అసోంటి బ్యాచ్‌ల్నే ఉండె. ఇంటర్ పరీక్షలకు రెండు నెలలుండంగ సార్ పోతే బిడ్డ వారం రోజులు అన్నం సక్కగ తినలే. మీరిద్దరు పైసల గురించి కొట్లాడుతున్నరు.

కోర్టు_క్యాంటీన్: బోర్డు గారూ, మీకు జరిగినదానికి చట్టంలో దారి ఉంది. 1967లో గోలికరి కేసు. టైర్లలో వాడే దారం (టైర్ కార్డ్) తయారీలో పనిచేసే ఆయన ఐదేళ్ల ఒప్పందం మధ్యలోనే పోటీ కంపెనీకి వెళ్తే సుప్రీంకోర్టు ఆపింది. అకడమిక్ ఇయర్‌కు గట్టి ఒప్పందం, నోటీసు రాసుకొని, మధ్యలో పోతే మీకు పడే నష్టానికి తగ్గ మొత్తం వేసుకోండి. అదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద కోర్టు న్యాయమైన పరిహారం వరకే ఇస్తుంది, రాసుకున్నంతా రాదు. మెటీరియల్ కాపీ కొడితే కాపీరైట్ ఉంది. వాటన్నిటికీ బదులు ‘రెండేళ్లు ఊళ్లో కనపడొద్దు’ అని రాస్తే అసలు నిలబడేదే పోతుంది.

బాలసముద్రం_బోర్డు: కాయితం భయానికి సార్. కోర్టుకు పోవుడు నాకూ చేతగాదు, వాళ్లకూ చేతగాదు.

హంటర్‌రోడ్_ఫిజిక్స్: ఇగో, ఇప్పుడొచ్చింది నోటికి నిజం. పిల్లలు నీ సొత్తు అనుకుంటున్నవ్. పిల్లలు సార్ను చూసి వస్తరన్నా. లేకపోతే ఫ్లెక్సీల మీద మా బొమ్మలెందుకేస్తరు? నేను మానేసి ఏడాదిన్నర. నయీంనగర్ సౌరస్తాల నా బొమ్మ ఇంక ఉన్నది, మెడల దండ ఒక్కటే తక్కువ. బొమ్మ ఊర్లో ఉండొచ్చు, మనిషి ఉండొద్దా? నీ ఫ్లెక్సీ మీద ఆ మ్యాథ్స్ సార్ బొమ్మ తీసినవా?

పరకాల_పోరడు: 😂

స్టేషన్_రోడ్: కాజీపేట నుంచి కొలిస్తే జనగామ లోపలికొస్తది, హన్మకొండ నుంచి కొలిస్తే బయట పడుతదనిపిస్తుంది. ఎవరన్న చెప్పుండ్రి.

బాలసముద్రం_బోర్డు: తీయలే. కొత్త ఫ్లెక్సీ కొట్టియ్యాలంటే పైసలు గావాలె గదా. వచ్చే సీజన్‌కు మారుస్త.

కోర్టు_క్యాంటీన్: కెమిస్ట్రీ తమ్ముడు గారూ, అసలు మీ ప్రశ్న పక్కకు పోయింది. సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు, వాళ్లు పట్టుకోవడానికి హక్కు లేదు. ఇవ్వకపోతే ముందు లీగల్ నోటీసు. చెక్కు విషయంలో జాగ్రత్త. చట్టపరంగా వసూలయ్యే బాకీ ఉంటేనే సెక్షన్ 138 (చెక్ బౌన్స్) కేసు నిలబడుతుంది గానీ, బాకీ లేదని చూపించే బరువు సంతకం పెట్టినవాడి మీదే పడుతుంది. చెక్కు నంబరు రాసుకున్నారా?

కెమిస్ట్రీ_తమ్ముడు: లేదు సార్. చెక్‌బుక్ల ఆ ఒక్క కౌంటర్‌ఫాయిల్ ఖాళీగ ఉన్నది, ముందుదీ వెనుకదీ చూసి నంబరు పట్టిన. సోమవారం ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి రిసీవ్డ్ ముద్ర కొట్టిచ్చుకొని రాజీనామా ఇస్త. మా కాలేజీ ఫ్లెక్సీ మీద నా బొమ్మ లేదు, మూడేండ్లల ఎన్నడు వేయలే.