సమస్య: గొఱ్ఱె కాపరి యయ్యెను గొఱ్ఱెలకును

పృచ్ఛకుడు: ఈసారి తేటగీతి పాదం ఇస్తున్నాను. ముందు మూడు పాదాలు మీరు రాసి, దీన్ని నాలుగో పాదంగా అర్థవంతంగా ముగించాలి. గొర్రె మందకు కాపరి కావడం ఎక్కడైనా ఉంటుందా అని కంగారు పడకండి. బైబిలు రూపకాల ఆధారంగా పూరించాలి, అంతే.

గుంటూరు సభ్యురాలు:

పాపభారము తానెత్తి బలిగ మారి
సిలువపైనను మౌనియై చెలఁగినట్టి
దేవసుతుఁ డెక్కెఁ బీఠము దివ్యముగను
గొఱ్ఱె కాపరి యయ్యెను గొఱ్ఱెలకును

పృచ్ఛకుడు: బాగుందమ్మా. నేను ఊహించిన దారి ఇదే. ప్రకటన 7:17లో సింహాసనం మధ్య ఉన్న గొర్రెపిల్లే వారికి కాపరి అవుతుంది. అంటే ఈ విరోధం నేను కల్పించింది కాదు, మూలంలోనే ఉంది. 'మౌనియై' అన్న మాటలో యెషయా 53:7 వినిపించింది. అక్కడ 'గొర్రెపిల్లవలె' అని ఉపమ. యోహాను 1:29కి వచ్చేసరికి 'వలె' పోయి, 'ఇదిగో దేవుని గొర్రెపిల్ల' అని రూపకమే అయింది. దాని వెనక నిర్గమ 12లోని పస్కా గొర్రెపిల్ల, అంటే పస్కా పండుగకు బలి ఇచ్చే గొర్రెపిల్ల, ఉండనే ఉంది. ఒక్క సవరణ: 'బలిగ' వ్యావహారికం. 'బలియు నగుచు' అంటే గణాలూ యతీ చెడవు.

హైదరాబాదు సభ్యుడు:

రాజగృహమునఁ బెరిగిన రమ్యమూర్తి
మోషె పరువెత్తి మిద్యాను మూల కేగి
మామ మందల మేపఁగ మాట యిచ్చి
గొఱ్ఱెకాపరి యయ్యెను గొఱ్ఱెలకును

పృచ్ఛకుడు: తెలివైన విరుపు. 'గొఱ్ఱెకాపరి' అని సమాసం చేసి కర్తను మోషేకు మార్చేశారు. కానీ ఇక్కడివి నిజం గొర్రెలు, మోషే మామ యిత్రో గొర్రెలు! రూపకమే లేదు. పైగా 'మామ మందల' అన్నాక 'గొఱ్ఱెలకును' మళ్లీ ఎందుకు? ఛందస్సుకు నూరు మార్కులు, సమస్యకు సగం.

హైదరాబాదు సభ్యుడు: సగమైనా వేశారు, సంతోషం అండీ.

విశాఖ సభ్యుడు:

గొఱ్ఱెతోలును గప్పిన క్రూరవృకముఁ
గాంచి మందయె యిట్లనె గంతులిడుచు
"వీఁడు మనవాఁడె, భయమేల? వేడ్క మీఱ
గొఱ్ఱె కాపరి యయ్యెను గొఱ్ఱెలకును!"

గుంటూరు సభ్యురాలు: నా పూరణ కన్నా ఇదే నచ్చింది. మత్తయి 7:15లోని అబద్ధ ప్రవక్తలు! సమస్య పాదాన్ని మోసపోయిన మంద నోట పెట్టడంతో వ్యంగ్యం పండింది. 'వేడ్క మీఱ' మాత్రం యతి కోసం వచ్చినట్టుంది.

విశాఖ సభ్యుడు: యతి కోసమేనండి. అయినా గంతులు వేసే మందకు వేడుక ఉండదా? నాదీ ఒక సందేహం. యోహాను 10లో యేసు 'గొర్రెలు పోవు ద్వారమును నేనే' అంటాడు, కాసేపటికే 'నేను మంచి కాపరిని' అంటాడు. ఒకరే తలుపూ, తలుపులోంచి వచ్చే కాపరీ ఎలా అవుతారు? మన ఆలంకారికులు చూస్తే దోషం అనరా?

పృచ్ఛకుడు: ఒకే పద్యంలో ఒకే చిత్రం గీస్తుంటే అనవచ్చు. ఇక్కడ ఒక్కో రూపకానికి ఒక్కో పని. దొంగ గోడ దూకి వస్తాడన్నప్పుడు తలుపు కావాలి, తోడేలు వచ్చినప్పుడు ప్రాణం పెట్టే కాపరి కావాలి. విన్నవాళ్లకూ అర్థం కాలేదని ఆరో వచనమే చెబుతోంది, కాబట్టి మీకు సందేహం రావడంలో తప్పులేదు. ప్రకటన 5 ఇంకా సాహసం: పెద్ద ఒకడు యూదా గోత్రపు సింహం అని చెబుతాడు, యోహాను చూస్తే వధింపబడినట్టున్న గొర్రెపిల్ల, ఏడు కొమ్ములూ ఏడు కన్నులూ! దాన్ని బొమ్మ గీయబోతే వికృతంగా ఉంటుంది. కొమ్ము బలానికి, కన్ను దృష్టికి అనుకుని చదవాలి. రెండింటినీ కలిపి నా పూరణ:

తలుపు నేనని పలికిన ధన్యమూర్తి
కాపరిని నేనె యనుటయుఁ గలదు గాదె!
చూడ సింహమె గొఱ్ఱెయై చొచ్చె సభను;
గొఱ్ఱె కాపరి యయ్యెను గొఱ్ఱెలకును

హైదరాబాదు సభ్యుడు: ఇప్పుడు నా వంతు! 5:6లో గొర్రెపిల్ల 'నిలిచియుండుట' అని ఉంది, మీరేమో 'చొచ్చె' అన్నారు. 'నేఁడు సింహమె గొఱ్ఱెయై నిలిచె సభను' అంటే సరిపోదా?

పృచ్ఛకుడు: యతి సరిపోయింది, 'నేఁడు' వ్యర్థపదం. అయినా తరువాతి వచనం చూడండి. ఆ గొర్రెపిల్లే వచ్చి సింహాసనాసీనుడి కుడిచేతిలోని గ్రంథం తీసుకుంటుంది. 'చొచ్చె' ఉండనివ్వండి.